పదకొండు నిమిషాలకు నిండుకుంది

పాత కాలేజీ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన ఫొటో పెట్టి, కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా అతికించారు. పెద్దాయన పోయారని నాకు అలా తెలిసింది. ఆ ఫొటోలో కూడా ఆయన కెమెరా వైపు చూడలేదు. తల కొంచెం వెనక్కి వాల్చి, ఒక కన్ను చికిలించి, ఫొటోలో పడని పైకప్పును చూస్తున్నారు. ఎవరి పెళ్లిలోనో తీసింది. పెళ్లికొడుకు మొహం ఆయనకు గుర్తుండి ఉండదు గానీ, ఆ హాల్లో మెట్ల మీద లైటు ఉందో లేదో మాత్రం అడిగితే చెప్పేవారు.

ఫోను బోర్లించి పెట్టాను. కాసేపటికి మళ్లీ తీసి చూశాను. గ్రూపులో అందరూ చేతుల బొమ్మ పెట్టారు, నేను పెట్టలేదు. పెట్టే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. ఒకసారి ఆయన మాటను తప్పుగా ఎక్కించిన చెయ్యి ఇది. ఇదే చేత్తో ఆయన పేరు రాయాలంటే నాకు భయంగా ఉంది.

ఇబ్రహీంపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో నేను కొత్తగా చేరిన రోజులవి. మీర్‌పేట్ నుంచి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. చేరిన మొదటి వారంలోనే, ఉదయం పదింటికి, ఒక ఉత్తరం సగం టైపు చేశానో లేదో కంప్యూటరు గుటుక్కుమంది. ఫ్యాను ఆగింది. నేను విసవిసా బయటికొచ్చి ఎవరా అని చూస్తే, మధ్య మెట్ల దగ్గర మలుపులో ఒక పెద్దాయన గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. కాలేజీలో కరెంటు పనులన్నీ చూసేది ఆయనేనని తర్వాత తెలిసింది. ఒళ్లో టిఫిన్ డబ్బా, మణికట్టుకు పాత గడియారం, పక్కన ఒక పొడవాటి రిజిస్టరు.

"కరెంటు ఎవరు తీశారండీ?"

"నేనే తీసిన బిడ్డా. మూడు గంటలైనంక ఇస్త."

"మూడు గంటలా? నా లెటర్ సగంలో పోయింది!"

"లెటర్ మళ్ల కొట్టుకోవచ్చు. జర కూసో. వీటిని సూడు."

గోడ మీద రెండు చిన్న బల్బులున్న తెల్ల డబ్బా ఒకటి వెలుగుతోంది. అలాంటివి ప్రతి మలుపులోనూ ఉన్నాయి. లోపల బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోగానే దానంతటదే వెలుగుతుంది. ఆ బిల్డింగులో వాటి అవసరం చాలా ఉంది. మొదట మెట్లకు కిటికీలు ఉండేవట. తర్వాత రెండు వైపులా ల్యాబులు కట్టేసి కిటికీలు మూసేశారు. దాంతో మిట్టమధ్యాహ్నం కూడా ఆ మెట్లు గుహలా ఉండేవి.

"అక్కడ బటన్ ఉంది కదండీ. నొక్కితే వెలుగుతుందో లేదో తెలిసిపోతుంది. దీనికోసం మూడు గంటలు కరెంటు తియ్యాలా?" అన్నాను. తెలివైన ప్రశ్న వేశానని నా ఉద్దేశం.

ఆయన నవ్వారు. "బటన్ నొక్కుతే అన్నీ వెలుగుతయ్ బిడ్డా. హాజరు పిలిస్తే పిల్లలందరు చెయ్యి లేపరా? గట్ల. మూడు గంటలు నిలబడ్డదా లేదా, గదీ లెక్క."

కాలేజీలో అందరూ ఆయన్ను తిట్టుకునేవారు. ఆరు నెలలకోసారి వచ్చే ఆ మూడు గంటలూ లెక్చరర్లకు చెమట, మాకు పని నష్టం. ఆయనకు మాత్రం అది పండగ. ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకొచ్చేవారు. ఒక్కో లైటునూ భుజం మీది తువ్వాలుతో తుడిచి, మెయిన్ దించి, మెట్ల మీద పైకీ కిందికీ తిరుగుతూ ఉండేవారు. తిరుగుతూ నోట్లోనే లెక్కపెట్టేవారు. పన్నెండు మెట్లు, మలుపు, మళ్లీ పన్నెండు. ఊళ్లో ఏ బిల్డింగు పేరు చెప్పినా ఆయనకు మొదట గుర్తొచ్చేది దాని మెట్లే. "బస్టాండ్ కాడి ఫంక్షన్ హాలా? పద్నాలుగు మెట్లు. ఆఖరిది జర పొట్టిది, కాలు మడతపడ్తది" అనేవారు.

బయటికి దారి చూపే పచ్చ బోర్డు మీద పరిగెత్తే మనిషి బొమ్మ ఉంటుంది కదా, దాన్ని ఆయన 'ఉరికేటోడు' అనేవారు. "వీడు పాపం దినమంతా ఉరుకుతనే ఉంటడు. మనకేమో పట్టింపే ఉండదు. ఏదన్న అయిన దినం వీని ఎన్క ఉరకాలె" అని, ఆ బొమ్మ మొహం మీద దుమ్ము వేలితో తుడిచేవారు.

ఇంకో వింత ఉండేది ఆయనలో. ఒక వస్తువు అయిపోయిందనో, లేదనో ఆయన నోటి వెంట వచ్చేది కాదు. ఫ్లాస్కులో టీ ఉందా అని అడిగితే, మూత తీసి బోర్లించి చూపించి, నవ్వి ఊరుకునేవారు. టేపు అయిపోతే ఖాళీ చుట్టను నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయేవారు. ఒకసారి అడిగాను, నోరు తెరిచి చెప్పొచ్చు కదా అని. "మా అమ్మ అననియ్యకపోతుండె బిడ్డా. ఇంట్ల దీపం పెట్టినంక గా మాటలు అనొద్దనేది. అలవాటైపోయింది" అన్నారు. నాకు ముచ్చటేసింది. ముచ్చటేసి ఊరుకున్నాను. ఆ మాటను ఇంకొంచెం తవ్వి ఉంటే, నోటితో అనని దాన్ని కాగితం మీద ఎలా రాస్తారని అడిగి ఉంటే, ఈ రోజు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఎందుకంటే రిజిస్టరులో ఆయన రాసేది తెలుగులోనే. ఇంగ్లీషు ఆయనకు రాదు. ఫైర్ సర్టిఫికెట్ ఫైలుకు మాత్రం ఇంగ్లీషు కాగితం కావాలి. కాబట్టి ఆయన రిజిస్టరు చూసి కంప్యూటరులో ఎక్కించడం నా పని. ఆ ఫారంలో 'బ్యాటరీ స్టేటస్' అని ఒక గడి ఉండేది. ఫుల్, లో, డెడ్ అనే మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. బాగున్న లైట్లకు ఆయన టిక్కు పెట్టి 'మూడు గంటలు' అని రాసేవారు. వాటికి నేను ఫుల్ అని కొట్టాను. మరో తొమ్మిది లైట్ల ఎదురుగా గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: 'రెండో అంతస్తు మలుపు. పదకొండు నిమిషాలకు నిండుకుంది.' 'మూడో అంతస్తు ల్యాబు ముందు. పద్నాలుగు నిమిషాలకు నిండుకుంది.'

మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు అర్థం కాలేదు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం నాది, ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. మా ఇంట్లో బియ్యం అయిపోయేవి, నూనె అయిపోయేది, ఫోన్లో ఆర్డరు పెడితే వచ్చేసేవి. ఎవరూ ఏదీ నిండుకుందని అనగా నేను వినలేదు. నిండుకోవడమంటే నిండడమే అనుకున్నాను. పైగా, పదకొండు నిమిషాలకే నిండిందంటే ఎంత మంచి బ్యాటరీయో అని మెచ్చుకున్నాను కూడా. తొమ్మిదింటికీ ఫుల్ అని కొట్టి, ప్రింటు తీసి, ఆయన ముందు పెట్టాను.

"అన్నీ ఎక్కినయా బిడ్డా?"

"అన్నీ ఎక్కాయండీ."

ఆయన ఆ ఇంగ్లీషు అక్షరాలను ఓసారి పైనుంచి కిందికి చూసి, జాగ్రత్తగా తెలుగులో సంతకం పెట్టారు. నేను చూపించిన చోటే పెట్టారు.

ఆ తర్వాత నెలకోసారి నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడేవారు. "బ్యాటరీలు ఎప్పుడొస్తయ్ బిడ్డా? తొమ్మిది గావాలె." నేను కాలేజీ వ్యవహారాలు చూసే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు, ఏవో సార్‌ను అడిగేదాన్ని. ఆయన ఇటువైపు మనిషి కాదు. తెలుగు కొంచెం మాట్లాడేవాడు గానీ చదవడం రాదు. నా కాగితం తీసి చూసి, "అన్నీ ఫుల్ ఉన్నాయి. కొత్తవి ఎందుకు?" అనేవాడు. నాకూ ఆ అనుమానమే. నిండుగా ఉన్న బ్యాటరీలు మార్చమని ఈ పెద్దాయన ఎందుకు పట్టుబడుతున్నట్టు? దుకాణం వాళ్లు ఏమైనా ముట్టజెబుతారేమో అనిపించింది. అనిపించి ఊరుకోలేదు, ఏవోతో ఆ మాట అన్నాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేను వాయించుకోవాలనిపిస్తుంది. పెద్దాయనతో మాత్రం, "సార్ చూశారండీ, ఆయన దృష్టిలో ఉంది" అని మర్యాదగా చెప్పి పంపేదాన్ని.

"సరే తియ్యి. పెద్దోళ్లకు ఎరికైంది గద, తెప్పిస్తరు" అనేవారాయన.

అది వానాకాలం. మధ్యాహ్నం మూడు దాటింది. మెట్ల కింద కరెంటు ప్యానెల్ గదిలో ఏదో పేలిన చప్పుడైంది, వెంటనే కరెంటు పోయింది, పొగ మొదలైంది. ఆఫీసు కింది అంతస్తులో కాబట్టి మేం వెంటనే బయటపడ్డాం. పైన ల్యాబుల్లో పిల్లలున్నారు. మెట్ల మీద లైట్లు వెలిగాయి. వెలగకపోయినా బాగుండేది. వెలుగు చూసి ధైర్యం చేసి పిల్లలందరూ ఒక్కసారిగా మెట్లలోకి దిగారు. ఆ నెలల్లో బ్యాటరీలు ఇంకా పాడైపోయినట్టున్నాయి, సగం దారిలో ఉండగానే ఒకదాని తర్వాత ఒకటి లైట్లు ఆరిపోయాయి. ఆ అరుపులు బయట వానలో నిలబడిన మాకు వినిపించాయి.

వెనక బిల్డింగు నుంచి పెద్దాయన పరిగెత్తుకొచ్చారు. అరవై దగ్గరపడ్డ మనిషి. మూతికి తడి తువ్వాలు కట్టుకుని, చేతిలో టార్చితో లోపలికి వెళ్లిపోయారు. పొగలో టార్చి వెలుగు అడుగు దూరం కూడా పోలేదని తర్వాత చెప్పారు. అందుకే గొంతు ఎత్తుకున్నారు. ఆయన అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు.

"ఉరకకున్రి! గోడ పట్టుకోన్రి! పన్నెండు మెట్లు, మలుపు! లెక్కపెట్టున్రి! ఒకటీ, రెండూ, మూడూ..."

పిల్లలు ఆయనతో కలిసి లెక్కపెడుతూ దిగారు. మసి మొహాలతో ఒక్కొక్కరే బయటికొస్తూ, నేల మీదికి వచ్చాక కూడా నోట్లో అంకెలు ఆపలేకపోయారు. అందరూ వచ్చారు, ఒక్క అమ్మాయి తప్ప. ఆయన చేరేలోపే, లైటు ఆరగానే, రెండో అంతస్తు మలుపులో ఆ అమ్మాయి పడిపోయింది. ఆమె మీద ఇంకొందరు పడ్డారు. పెద్దాయనే ఆమెను చేతుల మీద మోసుకొచ్చారు. ప్రాణం ఉంది. నడుము కింది భాగంలో మాత్రం చలనం లేదు. తర్వాత దవాఖానలు మారినా అది తిరిగి రాలేదు.

వారం తర్వాత ప్రిన్సిపాల్ గదిలో విచారణ జరిగింది. ఆ అమ్మాయి తండ్రి మహేశ్వరం నుంచి వచ్చాడు, కూరగాయలు పండించే రైతు. ఏవో నా కాగితం టేబుల్ మీద పెట్టాడు. అన్ని లైట్లూ ఫుల్, కింద పెద్దాయన సంతకం. తండ్రి ఆ కాగితం ఎత్తి పెద్దాయన మొహం ముందు పట్టుకున్నాడు.

"ఈ సంతకం నీదేనా?"

"అవ్, నాదే."

"అన్నీ మంచిగున్నయని సంతకం పెట్టి, నా బిడ్డను చీకట్ల తోసినవ్ గదనే! నీకు ఆడపిల్లలు లేరా?"

"నేను మంచిగున్నయని రాయలే తమ్మీ. ఏది ఎంతసేపు నిలబడ్డదో అన్నీ రాసిన. రిజిస్టర్ తెప్పియ్యిన్రి. ఒక్కసారి రిజిస్టర్ సూడున్రి."

ఏవో నన్ను చూశాడు. నేను వెళ్లి బీరువాలోంచి రిజిస్టరు తెచ్చాను. ఆ పేజీ తెరిచాను. 'రెండో అంతస్తు మలుపు. పదకొండు నిమిషాలకు నిండుకుంది.' ఉన్నది ఉన్నట్టు పైకి చదివితే చాలు. ఆ గదిలో నిలబడిన రైతుకు అర్థమయ్యేది, తలుపు దగ్గర అటెండరుకు అర్థమయ్యేది. నేను చదవలేదు. నా బుర్రలో అది ఎప్పుడో ఇంగ్లీషైపోయింది.

"రిజిస్టర్లో కూడా ఫుల్ అనే ఉంది సార్" అన్నాను.

పెద్దాయన నా వైపు తిరిగారు. ఎప్పుడూ పైకప్పును చూసే మనిషి, మొదటిసారి సూటిగా నా కళ్లలోకి చూశారు. "నేనెందుకు రాస్త బిడ్డా గట్ల?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. నేనేదో పొరపాటున అన్నానని, ఇప్పుడే సరిచేసుకుంటానని ఎదురుచూస్తున్నట్టు ఉంది. నేను రిజిస్టరు మూసేశాను. తండ్రి ఆయన చొక్కా పట్టుకున్నాడు. ఎవరో విడిపించారు. ఆ సాయంత్రమే ఆయన్ను పనిలోంచి తీసేశారు. ఆయన మెట్ల మీద నుంచి చివరిసారి దిగుతూ కూడా లెక్కపెట్టడం నేను విన్నాను.

నెల దాటాక ఒకరోజు క్యాంటీన్ ఆమె నా దగ్గరికి వచ్చింది. "ఉప్పు నిండుకుందమ్మా. స్టోర్ల నుంచి జర ఇప్పియ్యి."

"నిండుకుంటే మళ్లీ ఎందుకమ్మా?" అన్నాను, కంప్యూటరు మీంచి తల తిప్పకుండా.

ఆమె చేతిలోని డబ్బాను నా ముందు బోర్లించింది. ఒక్క రవ్వ రాలలేదు. "ఇంగో, సూడు. ఉప్పును అయిపోయిందనొద్దు గదమ్మా, నిండుకుందంటరు. మీ ఇంట్ల అనరా?"

పెద్దాయన ఫ్లాస్కును బోర్లించినట్టే బోర్లించింది. లేచి వెళ్లి బీరువా తెరిచి ఆ రిజిస్టరు తీశాను. తొమ్మిది చోట్ల తొమ్మిది సార్లు, ఆ గుండ్రటి అక్షరాలతో, ఆయన మొత్తుకున్నారు. బ్యాటరీలు పోయాయి, పావుగంట కూడా నిలబడడం లేదు, పిల్లలు చీకట్లో పడతారు అని మొత్తుకున్నారు. నేను దానికి ఫుల్ అని పేరు పెట్టి ఆయన చేతే సంతకం పెట్టించాను.

ఏవో దగ్గరికి వెళ్లి ఏడుస్తూ చెప్పాను. ఆయన తలుపు మూసి వచ్చి నెమ్మదిగా అన్నాడు: "ఫైల్ క్లోజ్ అయింది. ఇప్పుడు ఇది తెరిస్తే ముందు మీ మీదే కేసు. మీరు చిన్నవాళ్లు, పెళ్లి కావాలి. ఆలోచించుకోండి." నేను ఆలోచించుకున్నాను. పిరికివాళ్లకు ఆలోచన బాగానే వస్తుంది.

అయినా పెద్దాయనకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఇబ్రహీంపట్నం పాత ఊళ్లో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వాకిట్లో చాప మీద కూర్చుని ఎవరిదో పాత ఫ్యాను విప్పుతున్నారు. పక్కన ఆయన భార్య చింతపండు గింజలు తీస్తోంది. నేను నిలబడే అంతా చెప్పేశాను. మొదట ఆయనకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వారు. "నిండుకుందంటే నిండిందనుకున్నవా! ఓ బిడ్డా..." అని. తర్వాత ఆ నవ్వు మెల్లగా మొహంలోంచి దిగిపోయింది. చేతిలోని స్క్రూడ్రైవరు చాప మీద పెట్టారు.

"నన్ను క్షమించండి" అన్నాను.

"నీదేముంది బిడ్డా? సచ్చింది అని రాసుంటే అయిపోతుండె. రాయబుద్ధి గాలే. లైటు మీద గా మాట ఎట్ల రాస్త అనుకున్న. గంత పెద్ద బిల్డింగుకు దీపాలవి." తన చేతులు చూసుకుని, "మా అమ్మ మాట నిలబెట్టిన. ఆ పిల్లను నిలబెట్టలేకపోయిన" అన్నారు.

ఆయన భార్య నన్ను తిట్టింది. తిట్టనివ్వండి అన్నట్టు నేను తల వంచుకున్నాను. ఆయనే ఆమెను ఆపి, "కొత్త బ్యాటరీలు పెట్టిన్రా?" అని అడిగారు. పెట్టారన్నాను. "ఎవలు సూస్తున్రు?" కొత్త కుర్రాడొచ్చాడని, బటన్ నొక్కి చూస్తున్నాడని చెప్పాను. ఆయన తల ఎత్తి వాకిలి పైనున్న రేకును చాలాసేపు చూశారు.

వెళ్లొస్తానని లేచినప్పుడు ఒక్కటే అడిగారు. "ఆ పిల్ల తండ్రికి ఒక్కసారి జెప్పు బిడ్డా. నేను జెప్తే నమ్మడు. నౌకరీ వద్దు నాకు, ఏమొద్దు. నేను రాసిన అని ఆయనకు ఎరికైతే సాలు. నీ నోటితోని జెప్పు."

"తప్పకుండా చెప్తానండీ" అన్నాను.

చెప్పలేదు. మహేశ్వరం ఏమంత దూరం? మా మీర్‌పేట్ నుంచి బస్సెక్కితే పోయి పూటలో తిరిగి రావచ్చు. రెండుసార్లు బస్టాపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చక్రాల కుర్చీలో ఉన్న ఆ పిల్లను చూడాలంటే భయం, తండ్రి కేసు పెడతాడేమోనని భయం. తర్వాత వేరే ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. కాలేజీ వదిలే రోజున ఆ రిజిస్టరును బ్యాగులో పెట్టుకుని తెచ్చేసుకున్నాను. దొంగతనమే. బీరువాలో చీరల కింద పెట్టి, ఏదో ఒక రోజు, ఏదో ఒక రోజు అనుకుంటూ గడిపాను.

నాలుగేళ్లలో ఆయన నాకు ఒకేసారి కనిపించారు, ఇబ్రహీంపట్నం బస్టాండులో. బాగా చిక్కిపోయారు. "బాగున్నవా బిడ్డా" అన్నాక, గొంతు తగ్గించి, "ఆయనకు జెప్పినవా?" అని అడిగారు. బస్సు కదులుతోంది. నా నోట్లోంచి, "చెప్పానండీ" అని వచ్చేసింది.

ఆయన మొహం ఒక్కసారిగా వెలిగింది. "ఏమన్నడు?"

"ఏమీ అనలేదండీ."

"ఏమంటడు పాపం. గంత బాధల ఉన్నోడు" అని తలూపారు. నేను బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇదీ నేను చేతుల బొమ్మ పెట్టలేకపోవడానికి కారణం. ఫొటో చూసిన రోజే ఆయన ఇంటికి పరిగెత్తి వెళ్లాల్సింది. వెళ్లలేదు. చుట్టాలుంటారు, జనం ఉంటారు అని సాకులు చెప్పుకున్నాను. దినాలు జరిగిన మర్నాడు వెళ్లాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది. ఈసారి తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"బస్టాండుల నువ్వు జెప్పినవంట గదమ్మా, ఆ పిల్ల తండ్రికి ఎరికైందని. ఆ దినం ఇంటికొచ్చి మస్తు సంబరపడ్డడు. ఆ తండ్రి వస్తడని ఎదురుసూసిండు. పండుకునే దాక గీ తలుపు దిక్కే సూపు. నిజం ఎరికైనంక మనిషన్నోడు ఒక్కసారన్న రాడా అన్నడు. ఆఖరికి, రాకపోతె ఏమాయె, కోపం ఉండదా, నా బిడ్డకైతే నాకుండదా అన్నడు. గట్లనే పోయిండు."

ఆమె ఎదురుగా కూర్చుని, నేను చెప్పలేదమ్మా, అబద్ధమాడాను అని చెప్పే ధైర్యం కూడా నాకు లేకపోయింది. లేచి వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే చీరల కిందనుంచి రిజిస్టరు తీసి మహేశ్వరం బస్సెక్కాను.

ప్లాట్ల హద్దురాళ్ల మధ్య మిగిలిన చిన్న చెలక పొలం అంచున వాళ్ల ఇల్లు. తండ్రి వాకిట్లో టమాటలు ఏరి డబ్బాల్లో పోస్తున్నాడు. అరుగు మీద చక్రాల కుర్చీలో ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటోంది. ఫలానా కాలేజీలో పనిచేసేదాన్నని చెప్పగానే తండ్రి మొహం ముడుచుకుపోయింది. రిజిస్టరు తెరిచి, ఆ పేజీ మీద వేలు పెట్టి, అమ్మాయి చేతికిచ్చాను.

అమ్మాయి పైకి చదివింది. "రెండో అంతస్తు మలుపు. పదకొండు నిమిషాలకు నిండుకుంది." తలెత్తి నా వైపు చూసింది. "ఫుల్ అయిందనే గదక్కా రాసిండు? గిదేంది కొత్తది?"

ఆమె కూడా నాలాగే చదువుకున్న పిల్ల. నేను నోరు తెరిచేలోపు తండ్రి చేతిలోని టమాట డబ్బాలో పడింది.

"మళ్ల సదువు బిడ్డా."

అమ్మాయి మళ్లీ చదివింది. ఆయన లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, రిజిస్టరు తీసుకున్నాడు. ఒక్కో వరస మీద వేలు నడుపుతూ తొమ్మిదీ చదువుకున్నాడు. పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాడు.

"ఒడిసింది అని బిడ్డా" అన్నాడు కూతురితో. "గట్ల అనరాదని నిండుకుంది అంటం. మీ నాయినమ్మ అంటుండె." తర్వాత ఎవరితోనూ కాకుండా, "రాసిండు. పెద్దమనిషి రాసిండు" అన్నాడు. ఆ తర్వాత నన్ను అడిగాడు. "నీకెప్పుడెరికైంది?"

"నాలుగేళ్లయిందండీ."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నన్ను అసలు చూడలేదు. "అందరి ముందల అంగి పట్టుకున్న. నా బిడ్డను మోసుకొచ్చినోని అంగి పట్టుకున్న" అంటూ లోపలికి వెళ్లి, మేకుకు తగిలించిన తెల్లచొక్కా తెచ్చి తొడుక్కోసాగాడు. "ఎక్కడుంటడు? నడు, తీస్కపో నన్ను. కాళ్లు పట్టుకుంట."

ఆయన పోయారని అప్పుడు చెప్పాను. చొక్కా గుండీ మీద చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. మిగిలిన గుండీలు వేగంగా పెట్టుకున్నాడు.

"దినాలన్న అందుకుంట. ఎప్పుడు దినాలు?"

పెద్దాయన ఆ మాట ఎలా చెప్పేవారో నాకు తెలియదు. నా దగ్గర బోర్లించి చూపించడానికి ఏమీ లేదు.

"మొన్ననే అయిపోయాయండీ" అన్నాను.